గాలిని గట్టిగా నొక్కితే?

సైకిల్ ట్యూబుకు పంపుతో గాలి కొడతాం. కొట్టేకొద్దీ ట్యూబు గట్టిపడుతుంది. అంటే లోపలి గాలి గడ్డకట్టిందా? లేదు. అది గాలే. కొంచెం చోటులో ఎక్కువ గాలి ఇరుక్కుంది, అంతే.

మనం బతకడానికి కావలసింది గాలిలోని ఆక్సిజన్. దీన్నే ప్రాణవాయువు అంటారు. ఆసుపత్రి సిలిండరులో ఉండేది ఇదే. నిండు సిలిండరులో దాని ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి సుమారు 150 రెట్లు. అయినా అది వాయువుగానే ఉంటుంది.

మరి ఇంకా నొక్కితే? శాస్త్రజ్ఞులు ఆ పని చేసి చూశారు. అంత ఒత్తిడికి ఇనుప సిలిండరు ఆగదు. అందుకని రెండు చిన్న వజ్రాలు తీసుకున్నారు. వాటి మొనల మధ్య కాస్తంత ఆక్సిజన్ ఉంచి మర బిగించారు. వజ్రం చాలా గట్టిది. పైగా దానిలోంచి లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు.

ఒత్తిడి సుమారు 54 వేల రెట్లు అయ్యేసరికి ఆక్సిజన్ గడ్డకట్టింది. చలి అక్కర్లేదు, మామూలు గది వేడిలోనే! సుమారు లక్ష రెట్లకు ఎర్రగా మారింది. లక్ష రెట్లు అంటే ఎంత? బొటనవేలి గోరంత చోటు మీద 100 టన్నుల బరువు పెట్టినట్లు.

రంగు ఎందుకు మారింది? ఆక్సిజన్‌లో పరమాణువులు రెండేసి జంటగా ఉంటాయి. ఈ జంటే అణువు. వాయువుగా ఉన్నప్పుడు జంటలు దేని దారిన అవి తిరుగుతాయి. గడ్డకడితే, సాలు తప్పకుండా నాటిన నారులాగా వరసగా కుదురుకుంటాయి. ఇలా వరస ఉన్నదే స్ఫటికం. ఉప్పుకల్లు, పటికబెల్లం పలుకు కూడా స్ఫటికాలే. ఒత్తిడి ఇంకా పెరిగితే పాత వరస నిలవదు. నాలుగేసి జంటలు దగ్గరకు చేరి గుంపు కడతాయి. గుంపుకు ఎనిమిది పరమాణువులు. అమరిక మారింది, దానితో రంగూ మారింది. ఈ గుంపుల సంగతి 2006లో ఎక్స్‌రేల సాయంతో తేలింది.

సుమారు 10 లక్షల రెట్ల దగ్గర ఆక్సిజన్ లోహంలా మెరుస్తుంది. కరెంటును కూడా పోనిస్తుంది. ఒత్తిడి తీసేస్తే మళ్ళీ మామూలు వాయువే.

దీనివల్ల ఏం లాభం? భూమి నడిమధ్యలో ఒత్తిడి 35 లక్షల రెట్లకు పైగా ఉంటుంది. అక్కడికి ఎవరూ పోలేరు. అంత ఒత్తిడిలో పదార్థాలు ఎలా ఉంటాయో ఇలాంటి పరీక్షలే చెబుతాయి.

ఒక మాట మరవొద్దు. 150 రెట్లు కూడా తక్కువేమీ కాదు. ఆక్సిజన్ నిప్పును పెంచుతుంది. సిలిండరు దగ్గర బీడీ, దీపం వెలిగించకూడదు. దాని మరకు నూనె, గ్రీజు పూయకూడదు.