కంప్యూటర్‌కు పని చెప్పే కాగితం – అది మంచిదో కాదో తేల్చేదెలా?

"కంప్యూటరే ప్రోగ్రాములు రాస్తుంటే ఇంకా మీరెందుకు చదువుతున్నరన్నా?" అని మన హాస్టల్ తమ్ముళ్లు అడుగుతున్నారు. ఇంటి దగ్గర వాళ్లూ అడుగుతున్నారు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుందన్న నమ్మకంతోనే పీజీ వరకు వచ్చాం. అందుకే ఆ ప్రశ్నను నవ్వి వదిలేయలేకపోతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు కనుక, కంప్యూటర్ కోడ్ రాసే ఈ రోజుల్లో మనిషికి మిగిలిన ఒక పని గురించి రాస్తున్నాం. అది కంప్యూటర్‌కు ఇచ్చే సూచనలను పరీక్షించే పని.

ముందు కొంచెం వెనక్కు వెళ్దాం. మనం స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌లో దరఖాస్తు పెడతాం. అలాంటి ఏ వెబ్‌సైటుకైనా వెనుక సర్వర్లు, వాటిని కలిపే నెట్‌వర్కు, డేటాబేసు, ఎవరు ఏది ముట్టుకోవచ్చో చెప్పే అనుమతులు ఉంటాయి. ఇల్లు కట్టడానికి పునాది ఎట్లాగో వెబ్‌సైటుకు ఇవి అట్లాగ. ఒకప్పుడు వీటిని ఇంజనీర్లు ఒక్కొక్కటిగా చేత్తో అమర్చేవారు. ఇప్పుడు ఏం కావాలో ఒక ఫైలులో రాస్తే చాలు, సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి అమరుస్తుంది. 2014లో వచ్చిన టెర్రాఫామ్ ఇందులో బాగా పేరున్నది. 2023లో దాని లైసెన్సు మారినప్పుడు కొందరు దానినుంచి విడదీసి ఓపెన్‌టోఫు అనే ఉచిత రూపాన్ని నడుపుతున్నారు. రెండింటిలోనూ ముఖ్యమైన మెట్లు రెండు. "ప్లాన్" అంటే ఏమేం మారబోతుందో ముందుగా చూపిస్తుంది. "అప్లై" అంటే నిజంగా మార్చేస్తుంది.

ఈ ఫైళ్లను ఇప్పుడు ఏఐ ఏజెంటు రాస్తోంది. ఏజెంటు అంటే ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకునేది కాదు. ఫైళ్లు తెరుస్తుంది, రాస్తుంది, ఆదేశాలు నడుపుతుంది, తప్పు వస్తే తానే సరిదిద్ది మళ్లీ నడుపుతుంది. మన పద్ధతులు దానికి తెలియవు కనుక, పని మొదలుపెట్టే ముందు చదువుకోమని ప్రాజెక్టులో ఒక సూచనల ఫైలు పెడతారు. అది మామూలు మాటల్లో ఉంటుంది. "సర్వర్లు హైదరాబాద్ రీజియన్‌లోనే పెట్టు, డేటాబేసును తొలగించకు, ప్రతిదానికీ ప్రాజెక్టు పేరు తగిలించు" – ఇట్లా.

ఇక అసలు ప్రశ్న. ఈ సూచనల కాగితం మంచిదని ఎట్లా తెలుస్తుంది? చదివితే బాగుంది కదా అంటే సరిపోదు. నిజాంసాగర్ కాలువ కింద వ్యవసాయం చేసే మన బోధన్ వైపు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. 1931లో ప్రాజెక్టు పూర్తయినప్పటినుంచి ఎన్ని వారబందీ కాగితాలు వచ్చి ఉంటాయో! కాగితం మీద అన్ని తూములకూ వంతు ఉంటుంది. రైతు మాత్రం కాగితాన్ని చూడడు, లష్కర్ తూము ఎత్తాక చివరి మడి తడిసిందా లేదా అని చూస్తాడు. సూచనల ఫైలును కూడా చివరి మడి దగ్గర నిలబడే చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమెజాన్ వాళ్లు 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించారు. 2016లో వచ్చిన ముంబై రీజియన్ ఖాతాలో మొదటినుంచే తెరిచి ఉంటుంది. హైదరాబాద్‌ది అట్లా కాదు, ఖాతాదారు దాన్ని విడిగా తెరిపించుకోవాలి. తెరిపించని ఖాతాలో "హైదరాబాద్‌లో సర్వర్ పెట్టు" అని ఏజెంటుకు చెప్పామనుకోండి. తప్పు వస్తుంది. తప్పు వస్తే సరిదిద్దడం దాని గుణం. అది మెల్లగా రీజియన్ పేరును ముంబైకి మార్చి, పని పూర్తయిందని చెప్పే వీలుంది. సర్వర్ లేచింది నిజమే, మనం చెప్పిన చోట మాత్రం లేదు! "పని అయిందా" అని మాత్రమే అడిగే పరీక్షలో ఇది నూటికి నూరు మార్కులతో పాసవుతుంది. అందుకే "ఎక్కడ అయింది, దేన్ని మార్చి అయింది" అని కూడా అడగాలి. సూచనల్లో "హైదరాబాద్ దొరకకపోతే ఆగి అడుగు, వేరే రీజియన్‌కు వెళ్లకు" అన్న ఒక్క వాక్యం చేర్చి, అదే పనిని మళ్లీ ఇచ్చి చూడాలి.

ఒక్కసారి చూస్తే కూడా చాలదు. ఈ ఏజెంట్లు అదే ప్రశ్నకు ప్రతిసారీ ఒకే దారిన పోవు. సూచన లేకుండా పదిసార్లు, సూచనతో పదిసార్లు నడిపి పోల్చాలి. లేకుండా నాలుగుసార్లు సరిగ్గా వచ్చి, ఉంటే తొమ్మిదిసార్లు వస్తే ఆ వాక్యం పనిచేస్తోందని అర్థం. రెండు వైపులా తొమ్మిదే వస్తే ఆ వాక్యంతో పనిలేదు, తీసేయవచ్చు. తీసేయడం కూడా లాభమే. ఫైలు చాంతాడంత పెరిగితే ముఖ్యమైన మాట గుంపులో కలిసిపోతుంది. ఇంకొక జాగ్రత్త ఉంది. ఏ పనులు చూసి సూచనలు దిద్దామో వాటితోనే పరీక్ష పెట్టకూడదు. గైడులోని ప్రశ్నలే పేపర్లో ఇచ్చినట్టు అవుతుంది. కొన్ని పనులను దాచిపెట్టి చివర్లో ఇవ్వాలి.

మార్కులు వేయడంలోనూ మెట్లున్నాయి. ఫైలులో వ్యాకరణం సరిగ్గా ఉందా అన్నది మొదటిది, చాలా తేలిక. తర్వాత నియమాలు. 22వ పోర్టును లోకానికంతా తెరిచిందా, పాస్‌వర్డును ఫైలులోనే రాసిందా – వీటిని పట్టడానికి చెకోవ్ వంటి ఉచిత పరికరాలున్నాయి. ఆ తర్వాత పరీక్ష ఖాతాలో నిజంగా అప్లై చేసి, వెంటనే మళ్లీ ప్లాన్ అడగాలి. "మార్పులేమీ లేవు" అని రావాలి. రాకపోతే రాసినదానికీ కట్టినదానికీ ఎక్కడో తేడా ఉంది.

వీటన్నిటికంటే మాకు ముఖ్యమనిపించేది ప్లాన్ చివరి వరస. ఎన్ని కొత్తవి, ఎన్ని మార్పులు, ఎన్ని తొలగింపులు అని అక్కడ మూడు అంకెలుంటాయి. మూడో అంకె సున్నా కాకపోతే చేయి ఆపాలి. నడుస్తున్న డేటాబేసుకు నిల్వ ఎన్‌క్రిప్షన్ పెట్టమని ఏజెంటుకు చెప్పామనుకోండి. మంచి పనే. అది ఫైలులో ఒక్క మాట మారుస్తుంది. అమెజాన్ డేటాబేసుల్లో ఆ గుణాన్ని ఉన్నచోటే మార్చడం కుదరదు కనుక, పాతది తీసేసి కొత్తది కడతానని టెర్రాఫామ్ ప్లాన్ చూపిస్తుంది. కొత్తది ఖాళీగా ఉంటుంది. కోడ్‌లో తప్పు లేదు, సూచనను మీరలేదు, పిల్లల రికార్డులు మాత్రం పోయినట్టే!

అయితే "తొలగించకు" అని రాస్తే సరిపోదా? సరిపోదు. 2025 జులైలో రెప్లిట్ సంస్థ ఏజెంటు ఒక వినియోగదారు డేటాబేసును చెరిపేసింది. మార్పులేవీ చేయవద్దని అతను ముందే చెప్పి ఉన్నాడు. డేటా తర్వాత తిరిగి దొరికింది. సంస్థ అధిపతి క్షమాపణ చెప్పి, పరీక్ష డేటాబేసునూ అసలు డేటాబేసునూ వేరుచేస్తామన్నాడు. ఆ నిర్ణయం సరైనదని మా అభిప్రాయం. మాటను ఇంకా గట్టిగా రాయడంకంటే, చేయి అందకుండా చేయడం మేలు. మనుషుల విషయంలోనూ ఇదే జరిగింది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఉద్యోగి ఒక ఆదేశంలో తప్పు టైపు చేస్తే అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు ఆగిపోయి, ఎన్నో వెబ్‌సైట్లు గంటల తరబడి పడిపోయాయి. తర్వాత వాళ్లు ఒక హద్దుకంటే కిందికి సర్వర్లను తీసేయనివ్వకుండా ఆ పరికరాన్నే మార్చారు. సూచన అలవాటు నేర్పుతుంది. తాళం వేరే ఉండాలి. పరీక్షించేటప్పుడు ఏది సూచన పని, ఏది తాళం పని అని విడదీయడం కూడా ఇందులో భాగమే.

ఇంగ్లీషు రాదని భయపడే తమ్ముళ్లకు ఒక మాట. ఇక్కడ పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలతో పని జరగదు. "భద్రంగా ఉండేలా రాయి" అంటే పాటించిందో లేదో ఎవరూ తేల్చలేరు. "22వ పోర్టు ఆఫీసు చిరునామాకు తప్ప ఎవరికీ తెరవకు" అంటే అవునో కాదో నిమిషంలో తేలుతుంది. తేల్చగలిగే వాక్యం రాయడం సులువేమీ కాదు. రోజూ సాధన చేయాలి.

క్లౌడ్ ఖాతాకు బ్యాంకు కార్డు అడుగుతారు, మన దగ్గర ఉండదు. ఉన్నా బిల్లు వస్తుందని భయం. కాబట్టి ల్యాబ్ కంప్యూటర్లో ఓపెన్‌టోఫు దించుకుని "లోకల్" అనే ప్రొవైడర్‌తో మొదలుపెట్టండి. అది ఏ ఖాతా అడగకుండా మీ కంప్యూటర్లోనే ఒక ఫైలును తయారుచేస్తుంది. అప్లై చేసి మళ్లీ ప్లాన్ చూడండి, మార్పుల్లేవంటుంది. ఆ ఫైలును చేత్తో చెరిపి ప్లాన్ చూడండి, ఒకటి కొత్తగా కట్టాలంటుంది. కట్టనిచ్చి, ఈసారి కోడ్‌లో ఫైలు లోపలి రాతలో ఒక్క అక్షరం మార్చి ప్లాన్ అడగండి. మార్పు ఒకటి అని రాదు. కొత్తది ఒకటి, తొలగింపు ఒకటి అని వస్తుంది.