వృద్ధుల పోషణ: కుటుంబ బాధ్యత, ప్రభుత్వ సహాయం – మన్ననూర్ నేపథ్యం

వృద్ధులను పోషించవలసినది కుటుంబమా, ప్రభుత్వమా అన్న ప్రశ్నకు వివిధ దేశాల చట్టాలు భిన్నమైన సమాధానాలు ఇచ్చాయి. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం నిరుపేదల భారాన్ని స్తోమత గల తల్లిదండ్రులపైనా సంతానంపైనా మోపింది. ఆ వ్యవస్థ 1948లో రద్దయింది. జర్మనీలో ప్రభుత్వం చెల్లించిన సాంఘిక సహాయాన్ని సంతానం నుంచి రాబట్టుకొనే పద్ధతి నేటికీ ఉంది. అయితే 2020 నుంచి ఏడాదికి లక్ష యూరోలకు మించిన ఆదాయం గలవారికే అది వర్తిస్తుంది.

భారతదేశంలో భరణం, పింఛను వేర్వేరు మార్గాలలో నడుస్తాయి. తగిన స్తోమత ఉండి కూడా తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసినవారు భరణం చెల్లించాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను నిర్దేశించింది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను దాని స్థానంలోకి వచ్చింది. వివాహిత కుమార్తెకూ ఈ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లో స్పష్టం చేసింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) ప్రకారం ట్రైబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు భరణం నిర్ణయించవచ్చు. అయితే పింఛను సొమ్మును సంతానం నుంచి వసూలు చేసే నిబంధన ఈ చట్టాలలో లేదు.

వసూలు లేకపోయినా కుటుంబంపై భారం మరో రూపంలో పడుతుంది. 2014 నాటి ఆసరా మార్గదర్శకాలు ఉద్యోగం చేసే సంతానం ఉన్న వృద్ధులను అనర్హులుగా పేర్కొన్నాయి. ఇక్కడ సంతానానికి ఆదాయం ఉన్నదా అన్నదే ప్రమాణం. ఆ ఆదాయంలో తల్లిదండ్రులకు ఏమైనా అందుతున్నదా అన్నది కాదు.

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలోని మన్ననూర్ పరిసరాల్లో ఈ తేడా స్పష్టమవుతుంది. నల్లమలలో అటవీ ఫలసాయంపై, కూలిపై బతికే చెంచు కుటుంబంలో సంతానానికే స్తోమత ఉండదు. అక్కడ భరణపు ఉత్తర్వుతో ప్రయోజనం స్వల్పం, పింఛనే ఆధారం. ఇందుకు భిన్నంగా, కొడుకు ఉద్యోగి అయి ఉండి పట్టించుకోకపోతే తల్లికి పింఛనూ రాదు, పోషణా అందదు. ఆమెకు మిగిలిన దారి అచ్చంపేట రెవెన్యూ డివిజను స్థాయి ట్రైబ్యునల్. కన్నకొడుకుపై అర్జీ పెట్టడానికి చాలామంది తల్లులకు మనసొప్పదు.

2007 చట్టంలోని 5వ సెక్షను అర్జీ లేకుండానే విచారణ చేపట్టే అధికారాన్ని ట్రైబ్యునల్‌కు ఇచ్చింది. సంతానపు ఆదాయం కారణంగా తిరస్కరించిన పింఛను దరఖాస్తులను నేరుగా ట్రైబ్యునల్‌కు పంపే ఏర్పాటు ఉంటే, ప్రభుత్వం కుటుంబంపై వదిలిన బాధ్యత నెరవేరిందో లేదో పరిశీలించే వీలు కలుగుతుంది.