గుడారం ఎక్కడ వేయాలి?

రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, రంపచోడవరం దాటాక మారేడుమిల్లి వస్తుంది. చుట్టూ తూర్పు కనుమల అడవి, వెదురు పొదలు, వాటి మధ్య పాములేరు వంటి కొండవాగులు. అటవీశాఖ అనుమతి ఉంటే అక్కడ రాత్రి బస చేయవచ్చు. మీరూ, మీ స్నేహితులూ మాస్టారితో కలిసి వెళ్లారనుకోండి. పొద్దు వాలుతోంది. వాగు ఒడ్డున మెత్తని ఇసుక ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గుడారం అక్కడే వేద్దామా?

వద్దు. ఆ ఇసుకను అక్కడికి మోసుకొచ్చింది ఎవరు? వాగే కదా! అంటే అది వాగు పడుకునే చోటన్నమాట.

"వాన లేనిదే వరద ఎలా వస్తుంది?" అంటారేమో. వాన మీ నెత్తిన పడనక్కర లేదు. పైన కొండల మీద పడితే చాలు. ఏ నేల మీది వాననీరంతా ఒక వాగులోకి చేరుతుందో ఆ నేలను దాని పరీవాహక ప్రాంతం అంటారు. చిన్న లెక్క చేద్దాం. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే 10,000 ఘనపు మీటర్ల నీరు. ఒక వాగు పరీవాహక ప్రాంతం 20 చదరపు కిలోమీటర్లు, కురిసిన వాన 5 సెంటీమీటర్లు అయితే? 10 లక్షల ఘనపు మీటర్లు. బరువులో 10 లక్షల టన్నులు!

అదంతా వాగులోకి రాదు లెండి. ఎండుటాకులు పరుచుకున్న అడవి నేల చాలా నీటిని తాగేస్తుంది. కానీ భాద్రపదం నాటికి నేల బాగా నాని ఉంటుంది. ఇక తాగలేదు. మిగిలిన నీరు నిటారు వాలు వెంట ఉరికి వచ్చి, ఇరుకు లోయలో ఒక్కటవుతుంది. ప్రవాహ వేగం రెండింతలయితే అది నెట్టే బలం నాలుగింతలు అవుతుంది. అందుకే మోకాలి లోతు నీరైనా మనిషిని పడదోయగలదు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో దిగిన కొందరు వైద్య విద్యార్థులు ఉన్నట్టుండి పెరిగిన నీటిలో కొట్టుకుపోయారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

మరి వాగు ఎంత ఎత్తుకు వస్తుందో తెలిసేదెలా? ఒడ్డు చెట్లను చూడండి. కొమ్మల్లో గడ్డీ, పుల్లలూ చిక్కుకుని వేలాడుతుంటాయి. పోయిన వరద అక్కడిదాకా వచ్చిందన్న మాట. గుడారం అంతకంటే బాగా పైన ఉండాలి. ఇందులో ఇంకో లాభమూ ఉంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది కాబట్టి, చలికాలంలో వాగు ఒడ్డు కంటే గట్టు మీదే కాస్త వెచ్చగా ఉంటుంది.

తేటగా ఉన్న నీరు మట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొస్తున్నా, వాగు హోరు పెరిగినా వెంటనే పైకి వెళ్లిపోండి. సామాన్ల కోసం ఆగకండి.

చీకటి పడకముందే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి రండి. అన్నాలు తిన్నాక గట్టు మీద నుంచే టార్చిలైటు వేసి చూడండి. పుల్ల చుట్టూ నీరు చేరి ఉంటే, పైన ఎక్కడో వాన పడిందేమో!