డైరెక్టరని ఎవరూ పిలవని రహీం సాబ్

ఫిన్లాండ్ అనగానే మన ఫుట్‌బాల్ పెద్దలకు గుర్తొచ్చేది ఒక స్కోరు: 10-1. 1952 జులై 15న హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనవాళ్ళను అలా చితక్కొట్టింది. జెబెట్స్ అనే ఆటగాడు ఒక్కడే నాలుగు గోల్స్ వేశాడు. మన వైపు పడిన ఒక్క గోలూ బెంగళూరు అహ్మద్ ఖాన్‌ది. ఆ యుగోస్లావియా ఫైనల్ దాకా వెళ్ళి హంగరీ చేతిలో ఓడింది, కనుక మనం ఓడింది గట్టివాళ్ళ చేతిలోనే. అయినా పది పదే.

ఆ రోజు మన జట్టులో చాలామందివి ఉత్త కాళ్ళే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది ఆ దెబ్బ తర్వాతే.

నాలుగేళ్ళు గడిచాయి. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బూట్లు వేసుకున్న భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ ఆడిన మొదటి ఆసియా జట్టు మనదే. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియాయే అడ్డొచ్చింది, ఈసారి 4-1. చివరికి నాలుగో స్థానం. పది గోల్స్ తిన్న జట్టుకూ, నాలుగో స్థానం తెచ్చిన జట్టుకూ కోచ్ ఒక్కడే, హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అంత ఘోరంగా ఓడాక కూడా ఆయన్ను ఉండనిచ్చినందుకు అప్పటి పెద్దలను మెచ్చుకోవాలి. ఇప్పుడైతే సాయంత్రానికే రాజీనామా అడిగేవారు.

యూరప్ క్లబ్బుల్లో ఇప్పుడు స్పోర్టింగ్ డైరెక్టర్ అని ఒక పదవి ఉంటుంది. కోచ్‌లు వస్తుంటారు, పోతుంటారు. ఏ కుర్రాణ్ణి తేవాలి, ఎవర్ని వదలాలి, క్లబ్ ఏ తరహా ఆట ఆడాలి అన్నవి మాత్రం ఆయన చూసుకుంటాడు. ఆడి మానేసినవాళ్ళు అలా ఆఫీసు కుర్చీ ఎక్కడం ఫిన్లాండ్‌లోనూ మామూలే. లండన్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్‌కు మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన అకీ రీహిలహ్తి తర్వాత హెల్సింకీలో 1907లో పుట్టిన హెచ్‌జేకే క్లబ్బుకు సీఈవో అయ్యాడు.

మన దగ్గర రహీం సాబ్ ఆ పని 1943లోనే మొదలుపెట్టారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి అప్పటి నుంచి 1963లో కన్నుమూసేదాకా ఆయనే కార్యదర్శి. ఉస్మానియాలో చదివేటప్పుడు విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు, తర్వాత కమర్ క్లబ్బుకు ఆడారు. వృత్తికి ఉపాధ్యాయుడు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాక బళ్ళలో ఆటల బాధ్యత కూడా ఆయన మీదే పడింది. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్.

ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదానిలో చేతకాని కాలితోనే తన్నాలి, కుడికాలి వాడికి ఎడమ కాలు మాత్రమే. కుర్రాళ్ళు ఎంత విసుక్కున్నారో ఊహించుకోవచ్చు గానీ, ఫలితాలు మాత్రం కళ్ళెదుటే ఉన్నాయి. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. 1956, 1957లలో హైదరాబాద్ రాష్ట్ర జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని గెలిచింది.

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంను పట్టింది కూడా ఆయన కన్నే. అంత దూరం నుంచి ప్రాక్టీసుకు రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవంటే, సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చారు. ఆ అద్దె వృథా పోలేదు: 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టింది బలరామే.

1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళేటప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. ఫైనల్ దక్షిణ కొరియాతో. స్టేడియం నిండా జనం, అందరూ మనకు వ్యతిరేకమే. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు, 2-1తో బంగారం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు. 2024లో అజయ్ దేవగణ్ ఆయన పాత్ర వేసిన ‘మైదాన్’ వచ్చేదాకా ఆయన పేరు తెలియని హైదరాబాదీలే ఎక్కువ.

కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఇంకో తమాషా. 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నారు గానీ మైదానంలోకి దిగే అవకాశం రాలేదు, కోచ్ సొంత తండ్రే అయినా! తర్వాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్, ఫిఫా బ్యాడ్జి ఉన్న రెఫరీ, భారత క్రీడా ప్రాధికార సంస్థలో ప్రాంతీయ డైరెక్టర్. తండ్రికి దక్కని ‘డైరెక్టర్’ అన్న పేరు కొడుక్కి దక్కింది. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు.

రహీం సాబ్ నగరం హైదరాబాద్ నుంచే వచ్చిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య (1990) రెండూ అందుకున్నారు.

మళ్ళీ మొదట చెప్పిన ఫిన్లాండ్‌కు వస్తే, అక్కడి మనిషి మన లీగుకు రాలేదా అంటే, వచ్చాడు. తుర్కు నగరంలో పుట్టిన జోనీ కౌకో 2020 యూరో పోటీలకు ఎంపికైన ఫిన్లాండ్ జట్టు సభ్యుడు. 2021లో కోల్‌కతా మోహన్ బగాన్‌లో చేరాడు. ఆ యూరో ఫిన్లాండ్‌కు మొట్టమొదటి పెద్ద టోర్నమెంటు, మొదటి మ్యాచ్‌లోనే డెన్మార్క్‌ను 1-0తో ఓడించారు.

ఇదంతా చదివి కర్ణాటకలోని కోలారు జిల్లా మాస్తి, మాలూరు, కేజీఎఫ్ వైపు వాళ్ళు ‘ఇందులో మాదేముంది’ అనుకోవచ్చు. సంతోష్ ట్రోఫీ పాత పట్టిక తీస్తే, కోలారు కూడా భాగంగా ఉన్న మైసూరు రాష్ట్రం పేరు నాలుగుసార్లు కనబడుతుంది: 1946-47, 1952-53, 1967-68, 1968-69. హెల్సింకీలో పది గోల్స్ తిన్న సీజన్‌లోనే రెండోది గెలిచారన్నమాట. ఐదోది మాత్రం యాభై నాలుగేళ్ళు ఆడించింది. 2023 మార్చిలో, కర్ణాటక పేరు మీద, మేఘాలయను 3-2తో ఓడించి గెలుచుకున్నారు. అదీ బెంగళూరులో కాదు, సౌదీ రాజధాని రియాద్‌లో!