పాఠాంతరములను మరవని పరికరము

చెన్నపట్టణపు ఉత్తరపు కొసనున్న మాధవరము బస్సు నిలయమున నెల్లూరికో బెజవాడకో పోవు బస్సునెక్కి, ఒడిలో ల్యాప్‌టాప్ తెరచి, దారిలో నెట్‌వర్కు తెగిపోయినను తన ప్రోగ్రామును దిద్దుచు, ఒక్కొక్క మార్పును తేదీతోడను కారణముతోడను నమోదు చేసికొనుచు పోగల వీలు నేటి సాఫ్ట్‌వేరు ఉద్యోగికి కలదు. ఈ వీలు 33 ఏండ్ల పరిణామమున సిద్ధించినది.

1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు మార్క్ రాచ్‌కైండ్ నిర్మించిన ఎస్‌సీసీఎస్ ప్రోగ్రాముల మార్పులను నమోదు చేయు పరికరముల వంశమునకు ఆద్యము. పిమ్మట పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిచీ రచించిన ఆర్‌సీఎస్ తాజా ప్రతిని సంపూర్ణముగా నిలిపి, పూర్వప్రతులను భేదములుగా మాత్రమే దాచెను. కాని ఒకరు దిద్దుటకై ఫైలునకు తాళము వేసికొన్నచో తక్కినవారు వేచియుండవలసినదే.

ఆమ్‌స్టర్‌డాములో డిక్ గ్రూన్ అను అధ్యాపకుడు ఇద్దరు విద్యార్థులతో గూడి సీ భాషకు కంపైలరు నిర్మించుచుండెను. ఒక విద్యార్థి ఉదయము 9 మొదలు సాయంకాలము 5 వరకు క్రమము తప్పనివాడు. రెండవవానికి వేళాపాళ లేదు. గురువునకు సాయంకాలములే చిక్కెడివి. ఈ చిక్కునుండి పుట్టి, 1986లో లోకమునకందినది సీవీఎస్. ఈ కథలోని మహత్తరమైన మలుపు ఇదియేయని నా నిశ్చయము: ఎవరి ప్రతిని వారు స్వేచ్ఛగా దిద్దుకొనవచ్చును; కలుపునపుడు ఒకే పంక్తిని ఇద్దరు వేరువేరుగా మార్చియుండినచో, యంత్రము తాను తీర్పు చెప్పక, రెండు పాఠములను వరుసగా నిలిపి మనుష్యుని వివేకమునకు అప్పగించును. బ్రౌను దొర వేమన పద్యముల వ్రాతప్రతులను పలుచోట్లనుండి సేకరించి పండితులచే సరిపోల్చి చూపించినపుడు పాఠాంతరములు కుప్పలుగా దొరకినవి; ఏ లేఖకుడు ఏనాడు ఏ కారణమున ఆ మాట మార్చెనో తాళపత్రములు సాధారణముగా చెప్పవు. ఆ కొరతయే ఈ పరికరములయందు తీరినది.

2005 ఏప్రిల్‌లో, లినక్సు కెర్నెల్ నిర్మాతలు ఇదే పనికి వాడుచుండిన బిట్‌కీపరు ఉచితముగా లభించుట నిలిచిపోగా, లినక్సు కర్తయైన లైనస్ టోర్వాల్డ్స్ గిట్ అను పరికరపు రచనకు స్వయముగా పూనుకొనెను. ఇందు ప్రతి నిర్మాత కంప్యూటరునందును సమస్త చరిత్రయు ఉండును; బస్సులో నెట్‌వర్కు లేకున్నను పని సాగుటకు హేతువిదియే. ప్రతి నమోదునకును దాని విషయమును, పూర్వపు నమోదు గుర్తును కలిపి గణించిన 40 అక్షరముల గుర్తు ఏర్పడును. కావున పాత నమోదులో ఒక్క అక్షరము మార్చినను ఆపై గుర్తులన్నియు మారి, మార్పు బయటపడును. ఆ జూలైలో నిర్వహణభారము జూనియో హమానోకు సంక్రమించెను. నేడు గిట్ మూలమును దింపుకొన్నవారికి 2005 ఏప్రిల్ 7 నాటి దాని తొలి నమోదు సైతము చేతికి వచ్చును.