పక్కలో బల్లెం అంటాం సరే.. అసలు బల్లెం అంటే ఏంటి? ఈటె, శూలం, శక్తి అన్నీ ఒకటేనా?

రాజకీయ వార్తల్లో తరచూ వినిపించే మాట ‘పక్కలో బల్లెం’. అంటే దగ్గరే ఉండి, ఎప్పుడు పొడుస్తుందో తెలియని ముప్పు అన్నమాట. ఇక నీరజ్ చోప్రా బరిలోకి దిగితే చాలు.. ‘బల్లెం వీరుడు’, ‘ఈటె విసిరాడు’ అంటూ హెడ్‌లైన్స్ వచ్చేస్తాయి. మరి బల్లెం, ఈటె ఒకటేనా? ఈ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈటె మనదే!

ఈటె అచ్చమైన ద్రావిడ పదం. తమిళం, మలయాళంలో దీన్ని ‘ఈట్టి’ అంటారు. కన్నడంలో ‘ఈటి’. నాలుగు భాషలకూ ఉమ్మడి ఆస్తి ఇది.

బల్లెం కథ వేరు. దీనికి మూలం సంస్కృతంలోని ‘భల్లం’ అని చెబుతారు. అయితే మహాభారత యుద్ధ ఘట్టాల్లో భల్లం అంటే ఈటె కాదు.. బాణాల్లో ఒక రకం! అలా వింటి నుంచి దూసుకెళ్లే బాణం పేరు, చేత్తో పట్టుకునే పొడవాటి ఆయుధానికి వచ్చి చేరింది. హిందీలో ‘భాలా’ అన్నా ఇదే.

ఆయుధమే నొప్పి అయింది

శూలం అనగానే శివుడి త్రిశూలం గుర్తొస్తుంది. మూడు మొనలు ఉంటాయి కాబట్టి అది త్రిశూలం. ఇదే మాట ఆయుర్వేదంలోకి వెళ్లి నొప్పికి పేరైంది. పొడిచినట్టు వచ్చే కడుపు నొప్పిని ‘ఉదరశూల’ అనేది అందుకే.

శక్తి అంటే బలమే కాదు!

‘శక్తి’ అంటే ఈటె లాంటి ఆయుధం కూడా. కర్ణుడు ఇంద్రుడి నుంచి పొందింది ఇదే. అర్జునుడి కోసం దాచుకున్న ఆ శక్తిని చివరికి ఘటోత్కచుడిపై వాడేయాల్సి వచ్చింది. కుమారస్వామి చేతిలో ఉండేదీ శక్తి ఆయుధమే. దాన్నే తమిళులు ‘వేల్’ అంటారు. తమిళనాట వినిపించే ‘శక్తివేల్’ అనే పేరులో రెండు మాటలూ కలిసే ఉన్నాయి.

విసిరేదా? పట్టుకునేదా?

పాత యుద్ధశాస్త్రాల్లో విసిరే ఆయుధాలను ‘ముక్తం’ అని, చేతిలోనే ఉంచుకుని వాడేవాటిని ‘అముక్తం’ అని విడదీశారు. ఆ లెక్కన నీరజ్ చేతిలోని జావెలిన్ ముక్తమే. పురుషుల జావెలిన్ బరువు కనీసం 800 గ్రాములు, పొడవు 2.6 నుంచి 2.7 మీటర్లు. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ దాన్ని 87.58 మీటర్లు విసిరి స్వర్ణం కొట్టాడు.

మరి పక్కలో బల్లెం? అది విసిరేది కాదు, పక్కనే ఉండి పొడిచేది. అందుకే దూరంగా ఉన్న శత్రువు గురించి చెప్పేటప్పుడు ఈ మాట వాడితే అతకదు. భయమంతా ఆ ‘పక్కలో’ అన్న మాటలోనే ఉంది!