నల్లమల విహారము - మన కర్తవ్యము

పంట కళ్లము దాటి ఇల్లు చేరిన పిమ్మట రైతునకు కొన్ని దినముల తీరిక లభించును. ఆ తీరికను పట్టణవాసులు విహారమందురు. మనవారు జాతర యందురు, తీర్థమందురు. పేరేదైనను ఫలిత మొక్కటే. ఏడాది పొడవున మేడి విడువని చేతికి విశ్రాంతియు, ఒక్క చేనునే చూచుచుండిన కంటికి క్రొత్త దృశ్యమును కావలయును. ఇది సోమరితనము కాదు. ఎద్దునకైనను కాడి దించి నీడన కట్టనిదే మరునాడు దుక్కి సాగదు గదా!

మన ప్రాంతమున నిట్టి చోట్లకు కొదువ లేదు. గద్వాలవారికి జూరాల జలాశయమును, బీచుపల్లి రేవును సమీపముననే యున్నవి. వనపర్తివారికి 1959లో ప్రారంభమైన సరళాసాగరము కలదు. నీరు నిండుమట్టము దాటగానే ఎవరును తలుపెత్తకయే సైఫనులు తమంత తామే మిగులు నీటిని వదలుట అచ్చటి వింత. అయినను, మూడు జిల్లాలవారికిని కొండగాలి పీల్చుకొనుటకు నల్లమలను మించిన చోటు లేదు.

అచ్చంపేట దాటి శ్రీశైలము బాట పట్టినచో మన్ననూరు వచ్చును. ఈ చిన్న ఊరే అడవికి వాకిలి. అచ్చంపేట చెంత రంగాపురము కడనున్న ఉమామహేశ్వరము శ్రీశైలమునకు ఉత్తరద్వారమని ప్రసిద్ధి గాంచినది. మన్ననూరునకు పైని ఫరహాబాదు కలదు. అచ్చట నైజాము నవాబుల వేటవిడిది శిథిలములు నేటికిని కాననగును. కొండకొమ్మున నిలిచి చూచినచో క్రింద లోయలన్నియు పచ్చని సముద్రము వలె తోచును. వటవర్లపల్లి కడ మెట్లు దిగి పోయినచో మల్లెలతీర్థము జలపాతము. వానలు వెలిసిన పిదప దాని శోభ చెప్పనలవి కాదు. ఇక సలేశ్వరము. లోతైన లోయలో, జలధార చెంత నెలకొన్న లింగమయ్యను చైత్ర పూర్ణిమనాటి కొలది దినములలో మాత్రమే వేలాది జనులు కాలినడకను పోయి దర్శింతురు. అచ్చటి పూజారులు చెంచులే.

ఈ అడవి పులులకును నివాసము. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల సంరక్షణ పథకమున చేరి, రాష్ట్ర విభజనానంతరము 2015లో దీని ఉత్తరభాగము అమ్రాబాదు పులుల రక్షితారణ్యమైనది. వైశాల్యము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. మనకు దుక్కిటెద్దుల నిచ్చు పొడ తూర్పు పశువులు పుట్టి పెరిగినదియు ఈ అమ్రాబాదు సీమయే. కాబట్టి అడవి మన సేద్యమునకు పరాయిది కాదు.

ఒక్క సంగతి మాత్రము మనము మరువరాదు. మనకు విహారస్థలమైన ఈ అడవి చెంచులకు ఇల్లు. 1943లో ప్రకటింపబడిన హైమెండార్ఫు పండితుని గ్రంథము వారి జీవితమును లోకమునకు తెలిపినది. దుంపలు, తేనె, బంక, పండ్లు వారి జీవనాధారము. అమెరికా దేశమున 1872లో ఎల్లోస్టోన్ అను ప్రథమ జాతీయోద్యానము వెలసినప్పుడు అచ్చట తరతరములుగా నివసించుచుండిన ఆదివాసులు వెడలగొట్టబడిరి. చూడవచ్చువారికి వినోదమైనది ఉన్నవారికి వియోగమైనది. అట్టి కీడు మన చెంత కలుగరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిని నమ్మి బ్రతుకువారి హక్కులను గుర్తించినది. 2019లో యురేనియము అన్వేషణ మాట పుట్టినప్పుడు చెంచులును, మైదానపు రైతులును ఏకకంఠముతో వలదనిరి; ఆ ఏటి సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభయు వలదని తీర్మానించినది. అడవిని కాచుటలో మనము వారి పక్షమున నిలిచితిమి. ఆ అడవికి పోయినప్పుడు కూడ ఆ మర్యాదనే నిలుపుకొనవలదా?

జాతర ముగిసిన మరునాడు బాట పొడవున పడియుండు ప్లాస్టికు సంచులను, సీసాలను చూచినవారికి మన తప్పు తెలియును. అట్టి సంచిని మేసిన ఆవు గతి ఏమగునో రైతునకు వేరుగ చెప్పవలయునా? దుప్పికిని అదే గతి. చైత్రమాసమున అడవి ఎండి నిప్పుకొరకు పొంచియుండును. ఆర్పని బీడీముక్క ఒక్కటి చాలు, గుట్టలు గుట్టలుగా దగ్ధమగును.

కావున సంఘ సభ్యులకు మా మనవి:

1. తీర్థమునకు పోవు కుటుంబములు కూడి ఒకే బండి మాట్లాడుకొనవలయును. ఖర్చు తగ్గును, అడవిలో రద్దీయు తగ్గును.

2. రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు అడవిబాట మూయబడును. ఆ వేళకు ముందే ప్రయాణము ముగించుకొనుడు.

3. అన్నము సద్దిమూటలోను, నీరు చెంబులోను కొనిపొండు. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టికు అచ్చట 2024 జూలై నుండి నిషిద్ధము.

4. వంటకు నిప్పు రాజేయకుడు. మృగములకు తిండి వేయకుడు.

5. చెంచు పెంటలలో అడుగిడునపుడు వారి అనుమతి గైకొనుడు. వారి పేదరికమును వింతగా చూడకుడు.

6. తేనె కొనదలచిన, 1956లో విశాఖపట్టణమున స్థాపితమైన నాటి నుండి అటవీఫలములను కొని అమ్ముచు వచ్చిన గిరిజన సహకార సంస్థ యంగళ్లలో కొనుడు. సహకారులు సహకారులను ఆదుకొనుట సహజము.

పొరుగువాని చేను గట్టున నడుచునప్పుడు పైరు త్రొక్కకుండుట రైతునకు పుట్టుకతో వచ్చిన నీతి. నల్లమలలోను ఆ నీతియే చాలును. రాబోవు చైత్రమునకు ముందు జరుగు సభలలో సంఘములవారు ఈ సంగతి చర్చించి, తమ ఊరివారికి తెలియజేయుదురు గాక.